రైతుబజారు సంచి తిరుగు ప్రయాణం: ఇంటి మొండి చెత్తను కూరగాయల నేలకు చేర్చడంలో సాధ్యాసాధ్యాలు

కూరగాయలు పండించే నేల నుండి ప్రతి కోతతోనూ కొంత నత్రజని, కొంత పొటాష్, వాటితో పాటు గణనీయమైన సేంద్రియ కర్బనం పట్టణానికి తరలిపోతాయి. పండినది గ్రామంలోనే వండుకొని తిన్న కాలంలో తొక్కలు, తొడిమలు, పేడ, పొయ్యి బూడిద అన్నీ పెరటి పెంటకుప్పకు చేరి, తొలకరికి ముందు బండ్ల మీద తిరిగి పొలానికి వెళ్ళేవి. కూరగాయ పట్టణం చేరిన తరువాత ఆ తిరుగు బండి ఆగిపోయింది. తొక్క మునిసిపల్ వాహనంలో ఊరి చివరి గుట్టకు చేరుతున్నది. రైతు ఖాళీ గంపలతో ఇంటికి చేరుతున్నాడు.

ఇంటి చెత్తతో ఎరువు తయారీపై రైతులకు, గృహిణులకు శిక్షణ ఇవ్వడం విస్తరణ విభాగాలకు కొత్త కాదు. అయితే ఆ శిక్షణలలో ఎక్కువ భాగం సులభంగా కుళ్ళే ఆకుకూర కాడలు, కూరగాయల తొక్కల దగ్గరే ఆగుతుంది. ఇంట్లో నిజంగా పేరుకుపోయేవి అవి కావు. కొబ్బరి చిప్ప, మామిడి టెంక, మొక్కజొన్న కండె, నిమ్మ తొక్క, గుడ్డు పెంకు, మాగిపోయిన ఆవకాయ, పాల సంచి, చిప్స్ పొట్లం, అయిపోయిన బ్యాటరీ - ఇవీ ఇంటివారిని విసిగించి, చివరకు అన్నింటినీ ఒకే సంచిలో కట్టి పారవేసేటట్లు చేసేవి. వీటిలో ఏది పొలానికి పోదగినది, ఏది ఎట్టి పరిస్థితులలోనూ పోరాదు, ఆ రెండింటి నడుమ రైతుబజారు ఏ పాత్ర వహించగలదు అన్నది ఈ వ్యాస విషయం.

రైతుబజారు: అమ్మకపు స్థలం మాత్రమే కాదు

పంజాబులో 1987లో మొదలైన 'అప్నీ మండీ' ఒరవడిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతుబజార్లు ప్రారంభమయ్యాయి. అదే సంవత్సరం నవంబరులో తమిళనాడులో 'ఉళవర్ సందై' పేరిట ఇటువంటివే వచ్చాయి. గుర్తింపు కార్డు పొందిన రైతు దళారీ ప్రమేయం లేకుండా తన పంటను తానే అమ్ముకోవడం, ధరను టోకు ధరకు పైన, బయటి చిల్లర ధరకు దిగువన నిర్ణయించి పలకపై వ్రాయడం ఈ వ్యవస్థకు మూలసూత్రాలు. ధర విషయంలో రైతుబజార్ల పనితీరుపై ఆర్థికశాస్త్ర విద్యార్థులు తగినంతగా పరిశోధించారు. ఇక్కడ దానిని విస్తరించవలసిన పని లేదు.

అంతగా చర్చకు రానిది మరొకటి ఉన్నది. తెల్లవారుజామున మెహిదీపట్నం, ఎర్రగడ్డ లేదా విశాఖపట్నంలోని ఎం.వి.పి. కాలనీ రైతుబజారుకు వెళ్ళే వినియోగదారుడు కేవలం తక్కువ ధర కోసమే వెళ్ళడు. వేళ్ళకు మట్టి అంటుకొని ఉన్న తోటకూర కట్ట, మంచు తడి ఆరని గోంగూర, ఎండాకాలం మొదట్లో రెండు మూడు వారాలు మాత్రమే కనిపించి మాయమయ్యే లేత చింతచిగురు, సంక్రాంతి ముందు కంద, పెండలం, చిక్కుడు - ఈ వరుస చూస్తే చాలు, పంచాంగం చూడకుండానే ఋతువు తెలుస్తుంది. అమ్మే మనిషిని 'ఈ వంకాయ ముళ్ళదా, గుత్తిదా?', 'మొన్నటి వానకు చేను మునిగిందా?' అని అడిగే వీలు ఉంటుంది. నెలలు గడిచేసరికి కొన్నవారికి, అమ్మినవారికి నడుమ ముఖపరిచయం ఏర్పడుతుంది. దీనిని కేవలం ఆహ్లాదంగా భావించి వదలివేయరాదు. ఎరువుగా మారిన చెత్తలో ఏమున్నదో ఎవరికీ తెలియకపోవడమే పట్టణ కంపోస్టు పట్ల రైతు అపనమ్మకానికి కారణం. ముఖం తెలిసిన ఇంటి నుండి, ముఖం తెలిసిన రైతుకు చేరే ఎరువుకు ఆ జవాబుదారీ సహజంగానే ఉంటుంది.

మరో సదుపాయం రవాణా. ట్రాలీ ఆటోలోనో, బస్సు మీదనో గంపలు తెచ్చిన రైతు తిరుగు ప్రయాణంలో దాదాపు ఖాళీగానే వెళతాడు. పశువుల ఎరువు ధరలో రవాణా, ఎగుమతి దిగుమతి కూలీల వాటా ఎంత ఉంటుందో కూరగాయల రైతులకు తెలియనిది కాదు. ఖాళీగా వెళ్ళే బండిలో పోయే ఎరువుకు ఆ ఖర్చు చాలావరకు తప్పుతుంది.

'మొండి' అనే మాటకు అర్థం

కుళ్ళకపోవడానికి కారణాలు వేరు వేరు. వాటిని కలిపివేయడం వల్లనే పొరపాట్లు జరుగుతున్నాయి. కొబ్బరి పీచు, మామిడి టెంక, మొక్కజొన్న కండెలలో లిగ్నిన్ అధికం. సూక్ష్మజీవులకు అది గట్టి కోట. దానిని ఛేదించగలిగినవి ప్రధానంగా కొన్ని శిలీంధ్రాలు. నిమ్మ, బత్తాయి తొక్కలలో లిగ్నిన్ సమస్య కాదు. వాటిలోని లిమోనీన్ అనే సుగంధ తైలం, ఆమ్లత వానపాములను, కొన్ని సూక్ష్మజీవులను కొంతకాలం నిరోధిస్తాయి. గుడ్డు పెంకు దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేటు; అది ఖనిజం, కుళ్ళే ప్రసక్తే లేదు. జుట్టు, ఈకలు కెరటిన్ అనే మాంసకృత్తితో నిర్మితమై నత్రజని అధికంగా కలిగి ఉన్నా, గంధకపు బంధాల వల్ల నెమ్మదిగా విచ్ఛిన్నమవుతాయి. ఇక ప్లాస్టిక్ జీవపదార్థమే కాదు. మొదటి నాలుగింటికి కాలం, నేర్పు సరిపోతాయి. అయిదవదానికి అవి పనికిరావు.

తేమ లెక్క

ఇంటి కంపోస్టు కుండ విఫలమైనదని చెప్పేవారిలో చాలామంది చెప్పే లక్షణాలు రెండే: దుర్వాసన, పురుగులు. కారణంగా కర్బన-నత్రజని నిష్పత్తిని చూపడం బోధనలో పరిపాటి. లెక్క వేసి చూస్తే దోషి వేరొకటి అని తేలుతుంది.

10 కిలోల కూరగాయల తొక్కలలో తేమ 85 శాతమనుకుంటే ఎండు పదార్థం 1.5 కిలోలు. ఎండు పదార్థంలో కర్బనం 40 శాతం, నత్రజని 2.5 శాతంగా తీసుకుంటే నిష్పత్తి 16:1 వస్తుంది. దీనికి 2 కిలోల ఎండుటాకులు కలపండి. ఆకులలో తేమ 10 శాతం, ఎండు పదార్థంలో కర్బనం 45 శాతం, నత్రజని 0.75 శాతం అనుకుంటే మిశ్రమపు నిష్పత్తి సుమారు 28:1 అవుతుంది. పుస్తకం ప్రకారం ఇది చక్కని నిష్పత్తి. కాని అదే మిశ్రమంలో తేమ ఇంకా 72 శాతం పైననే ఉన్నది. కావలసినది 50 నుండి 60 శాతం. కణాల మధ్య ఖాళీలు నీటితో నిండి, ప్రాణవాయువు అందక, కుప్ప కుళ్ళి కంపు కొడుతుంది. ఎండుటాకులను 4 కిలోలకు పెంచితే తేమ 64 శాతానికి దిగుతుంది. నిష్పత్తి 34:1 అవుతుంది, అయినా పని నడుస్తుంది. అంటే వంటింటి చెత్తకు ఎండు పదార్థం కలపడం కర్బనం కోసం కంటే ముందుగా నీటిని పీల్చడం కోసం, గాలి ఆడడం కోసం. గృహిణికి నిష్పత్తులు చెప్పనవసరం లేదు. ఒక గిన్నె తొక్కలకు కనీసం రెండు గిన్నెల ఎండుటాకులో, కొబ్బరి పొట్టో, రంపపు పొట్టో వేయమంటే చాలు. పిడికెడు తీసి గట్టిగా పిండితే వేళ్ళ సందుల్లో తడి మెరవాలి గాని నీరు కారరాదు.

ఇక్కడే మొండి చెత్త ఉపయోగపడుతుంది. ముక్కలు చేసిన మొక్కజొన్న కండెలు, నలగగొట్టిన టెంకలు, చెరకు పిప్పి త్వరగా కుళ్ళకపోవచ్చు. కాని కుండలో గాలి గుల్లలను నిలిపి ఉంచేవి అవే. ఎరువు జల్లించినప్పుడు జల్లెడ మీద మిగిలే ముక్కలను పారవేయక మరుసటి కుండ అడుగున పరచాలి. అప్పటికే సూక్ష్మజీవులు పట్టిన ముక్కలు కనుక కొత్త కుండకు తోడు వేసినట్లూ అవుతుంది. రెండు మూడు విడతలలో అవి తామే కనుమరుగవుతాయి.

కొబ్బరి

తెలుగు ఇళ్ళలో మొండి చెత్త అంటే మొదట కొబ్బరే. పూజకు కొట్టిన కాయ, పచ్చడికి వాడిన కాయ, వేసవిలో తాగిన బొండాం - వీటి డొక్క, పీచు, చిప్ప మూడూ మూడు వేర్వేరు పదార్థాలు.

పీచు తీయగా మిగిలే పొట్టులో కర్బన-నత్రజని నిష్పత్తి 100:1 కంటే అధికం. దీనిని పచ్చిగా నేలలో కలిపితే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనినే లాగుకొని పైరును పస్తు ఉంచుతాయి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన పద్ధతిలో ఒక టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, ముత్యపు చిప్ప పుట్టగొడుగు జాతికి చెందిన ప్లూరోటస్ స్పాన్ 5 సీసాలు పొరలు పొరలుగా వేసి, తేమ నిలుపుతూ ఉంచితే సుమారు నెల రోజులలో నిష్పత్తి 112:1 నుండి 24:1కి దిగుతుంది. ఇది పీచు పరిశ్రమ ఉన్న కోనసీమ వంటి చోట్లకు, లేదా దేవాలయాలు, బొండాం దుకాణాల నుండి డొక్కలు కుప్పపడే పట్టణాలకు తగినది. ఒక ఇంటికి టన్ను పొట్టు ఎక్కడిది? ఇంట్లో డొక్కను చేతితో చీల్చి, పీచును కుండలో గాలి పొరగా వాడుకోవడమే మేలు. మొత్తం డొక్కను పీచు వైపు కిందకు ఉండేటట్లు మొక్క పాదులో పరిస్తే తేమ ఆవిరి కాకుండా ఆచ్ఛాదనగా పనిచేస్తుంది. కాలక్రమేణా అది మట్టిలో కలిసిపోతుంది.

చిప్ప సంగతి వేరు. దానిని కంపోస్టు చేయబూనడం వ్యర్థప్రయాస. గాలి తగులకుండా కాల్చి బొగ్గు చేయడమే దానికి సరైన మార్గం. చిప్ప బొగ్గుకు పరిశ్రమలో గిరాకీ ఉన్నది; ఉత్తేజిత కర్బనం తయారీకి అది శ్రేష్ఠమైన ముడిసరుకు. పొడి చేసిన బొగ్గును కంపోస్టులో నానబెట్టి ఇసుక నేలలో వేస్తే నీటిని, పోషకాలను పట్టి ఉంచడంలో సాయపడుతుంది. పోషకాలతో నానబెట్టని కొత్త బొగ్గు మొదటి పంటలో నత్రజనిని తానే పట్టివేస్తుందన్న సంగతిని బయోచార్ గురించి ఉత్సాహంగా చెప్పేవారు తరచు విస్మరిస్తారు. ఇక డాబాల మీద చిప్పలను ప్లాస్టిక్ కాగితాలతో రాజేసి కాల్చడం బయోచార్ తయారీ కాదు, పొగ తయారీ. ఆ కాగితంలో పి.వి.సి. ఉంటే డయాక్సిన్లు కూడా వెలువడతాయి.

పులుపు, ఉప్పు, పెంకు

నిమ్మ, బత్తాయి తొక్కలను వానపాముల తొట్టెలో నేరుగా వేయరాదు. చిన్న ముక్కలు చేసి విడిగా రెండు వారాలు మాగబెట్టి, తరువాత మొత్తంలో కొద్ది భాగంగా మాత్రమే కలిపితే ఇబ్బంది లేదు. ఈ తొక్కలను బెల్లం, నీటితో మూడు నెలలు పులియబెట్టి 'బయో ఎంజైమ్' పేరిట వాడడం పట్టణాలలో బాగా ప్రచారంలోకి వచ్చింది. నేల తుడవడానికి, సింకు శుభ్రతకు అది పనికివస్తుంది. దాని గుణం ప్రధానంగా ఆమ్లాలది. నీటితో బాగా పలుచన చేసి మొక్కలకు పోసినా హాని లేకపోవచ్చు. దానినే సర్వరోగ నివారిణిగా పంటలకు సిఫారసు చేయడానికి మాత్రం తగిన క్షేత్ర ఆధారం కావాలి.

ఉప్పు గురించి తగినంత హెచ్చరిక లేదు. పాత ఊరగాయలు, పులుసులు, వడియాల పిండి, చింతపండు పిప్పి కుండలో పడుతూ ఉంటే తయారైన ఎరువులో లవణ సాంద్రత పెరుగుతుంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పట్టణ కంపోస్టులో విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసిసీమెన్లకు మించరాదు. మాగిపోయిన ఒక జాడీ ఆవకాయ ఒక చిన్న కుండను పాడుచేయడానికి చాలు. అందులోని నూనె గాలిని కూడా అడ్డగిస్తుంది. బోరు నీటిలోనే ఉప్పు ఉండే ప్రాంతాల కూరగాయల నేలలకు ఇటువంటి ఎరువు చేరడం మేలుకు బదులు కీడు. ఊరగాయను కుండకు దూరంగా ఉంచాలన్న ఒక్క మాట ప్రతి శిక్షణలోనూ చెప్పవలసినది.

గుడ్డు పెంకుల పొడిని సున్నపు ఎరువుగా పొగడడం కూడా పరిమితులతో కూడినదే. కాల్షియం కార్బొనేటు కరిగేది ఆమ్ల నేలలోనే. తెలుగు రాష్ట్రాలలోని సాగు భూములలో అధిక భాగం తటస్థం నుండి క్షారం వైపు మొగ్గు చూపేవి. నల్లరేగళ్ళలో చాలా చోట్ల సున్నం గులకలుగా సహజంగానే ఉంటుంది. అటువంటి నేలలో పెంకుల పొడి ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. టమాటలో పూత వైపు కాయ కుళ్ళకు పెంకుల పొడి వేయమనే సలహా ఇక్కడ నిలవదు. ఆ సమస్య ఎక్కువగా నీటి ఎద్దడి, తడుల హెచ్చుతగ్గుల వల్ల కాల్షియం కాయకు అందకపోవడంతో వచ్చేది. కొండ ప్రాంతపు ఆమ్ల నేలలకు, వానపాముల తొట్టెలో పులుపు విరవడానికి మాత్రం మెత్తగా దంచిన పెంకు పనికివస్తుంది. ఎముకల పొడిలోని భాస్వరానికీ ఇదే న్యాయం వర్తిస్తుంది.

పొలానికి పోరానివి

ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు 2016 ఇంటి చెత్తను తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా విడదీయాలని నిర్దేశించాయి. బ్యాటరీలు, గొట్టపు దీపాలు, రంగు డబ్బాలు, గడువు తీరిన మందులు మూడవ వర్గానివి. వీటి సంబంధం పొలంతో లేనట్లు కనిపిస్తుంది. కాని ఒకే సంచిలో కలిసిన చెత్తను కంపోస్టు చేసినప్పుడు ఆ భార లోహాలు ఎరువులోకే వస్తాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పట్టణ కంపోస్టులో కిలోకు కాడ్మియం 5 మిల్లీగ్రాములు, సీసం 100 మిల్లీగ్రాములు, పాదరసం 0.15 మిల్లీగ్రాములు మించరాదని పరిమితి విధించింది. నత్రజని ఎక్కువైతే మరుసటి పంటలో తగ్గించుకోవచ్చు; నేలలో చేరిన కాడ్మియంను తీసివేసే ఆచరణీయ మార్గం రైతు చేతిలో లేదు. ఆకుకూరలు దానిని పీల్చుకోవడంలో ముందుంటాయి. అదే ఆకుకూర మళ్ళీ రైతుబజారుకే వస్తుంది.

ప్లాస్టిక్ విషయంలో గృహస్థులకు ఉన్న గందరగోళం సహజమైనదే. పాల సంచి మొండి చెత్త కాదు. కడిగి ఆరబెడితే పాత సామాన్ల వ్యాపారి కొంటాడు, అది తిరిగి కరిగించదగినది. మెరిసే చిప్స్ పొట్లంలో వేర్వేరు ప్లాస్టిక్ పొరలు, అల్యూమినియం పూత ఒకదానికొకటి అంటుకొని ఉంటాయి; వాటిని విడదీయడం లాభసాటి కాదు కనుక ఎవరూ కొనరు. అవి చివరకు చేరదగిన చోటు ఎక్కువగా సిమెంటు కొలిమి. పల్చని సంచులను తురిమి తారులో కలిపి రోడ్లు వేసే పద్ధతిని మధురైకి చెందిన ఆచార్య ఆర్. వాసుదేవన్ అభివృద్ధి చేయగా, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లో మార్గదర్శకాలు వెలువరించింది, అందులో పి.వి.సి. వాడరాదు. 'కంపోస్టు అయ్యే సంచులు' అని ముద్రించిన వాటిని నమ్మి కుండలో వేసేవారు కొందరున్నారు. ఆ సంచులను పరీక్షించే ప్రమాణం 58 డిగ్రీల సెల్సియస్ వద్ద నడిచే పారిశ్రామిక కంపోస్టుకు ఉద్దేశించినది. ఇంటి కుండలో అంత వేడి ఎన్నడూ పుట్టదు. నెలల తరువాత తీసి చూస్తే సంచి సంచిగానే ఉంటుంది, లేదా చిన్న ముక్కలై ఎరువులో కలిసి ఉంటుంది. రెండవది మరింత చెడ్డది.

డైపర్లు, శానిటరీ ప్యాడ్లలోని నీటిని పీల్చే పాలిమర్ గురించి కూడా 'నేలలో తేమ నిలుపుతుంది' అనే వాదన అప్పుడప్పుడు వినిపిస్తుంది. రోగకారక క్రిముల దృష్ట్యా అది అంగీకారయోగ్యం కాదు.

రైతుబజారులో పల్చని సంచుల వాడకం ఇంకా పూర్తిగా ఆగలేదు. 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్ల కంటే పల్చని సంచులకు అనుమతి లేదు. నిబంధన కంటే నిజంగా పనిచేసేది అలవాటు: తొక్కల ఎరువును గుడ్డ సంచిలో తెచ్చే ఇల్లాలు అదే సంచి దులిపి కూరగాయలు తీసుకువెళ్ళదు, రెండు సంచులు తెస్తుంది. సంచి తేవడం ఒకసారి అలవాటయితే ప్లాస్టిక్ అడగడం తగ్గుతుంది.

ఒక ఇంటి నుండి ఎంత?

ఒక కుటుంబం రోజుకు కిలో తడి చెత్త ఇస్తుందనుకుందాం. ఏడాదికి 365 కిలోలు. తేమ 75 శాతమైతే ఎండు పదార్థం 91 కిలోలు. కుళ్ళే ప్రక్రియలో దాదాపు సగం బొగ్గుపులుసు వాయువుగా పోగా 45 కిలోలు మిగులుతుంది. 25 శాతం తేమతో తూస్తే 60 కిలోల ఎరువు. అందులో నత్రజని ఒక శాతం చొప్పున 450 గ్రాములు - అంటే ఒక్క కిలో యూరియాలో ఉండేంత. ఎకరాకు 4 టన్నుల ఎరువు కావాలంటే సుమారు 67 ఇళ్ళ ఏడాది శ్రమ అవసరం.

ఈ లెక్కను చూసి నిరుత్సాహపడేవారు ఉండవచ్చు. ఉత్సాహంతో దీనిని దాచిపెట్టేవారు ఇంకా ఎక్కువ. 'ఇంటి చెత్తతో రసాయన ఎరువుల అవసరం తీరిపోతుంది' అన్న మాట రైతు ముందు ఒక్క పంట కాలం కూడా నిలవదు. ఆ 4 టన్నులలో కర్బనం సుమారు 750 కిలోలు. ఎకరా నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు దాదాపు 900 టన్నులు కనుక, అందులో ఒక్క గ్రాము కూడా ఆవిరి కాకుండా నిలిచినా సేంద్రియ కర్బనం పెరిగేది 0.08 శాతమే. మన ఎండలకు అందులో అధిక భాగం నిలవదు. అందువల్ల ఏటేటా వేయవలసినదే, ఫలితాన్ని మట్టి పరీక్షలో కాక మొదట నేల గుల్లబారడంలో, నీరు ఇంకడంలో చూడవలసినదే. 67 ఇళ్ళు అంటే రెండు మూడు అపార్ట్‌మెంటు భవనాలు మాత్రమే అన్న కోణం నుండి చూస్తే అదే అంకె అంత చిన్నది కాదు. ఆకుకూరల రైతుకు ఎకరా మొత్తానికి కాకపోయినా, నారుమళ్ళకు, పది సెంట్ల మడికి ఈ ఎరువు సరిపోతుంది. దాని విలువ అక్కడే ఎక్కువ.

అయితే నారుమడి అనగానే ఒక ప్రమాదం కూడా గుర్తుకు రావాలి. పెద్ద కుప్పలో 55 డిగ్రీల వేడి కొన్ని రోజులు నిలిస్తే కలుపు గింజలు, తెగులు క్రిములు చాలావరకు చనిపోతాయి. కుండలో పదార్థం తక్కువ, వేడి నిలవదు. కుండ ఎరువు వేసిన తొట్టెలో టమాట, గుమ్మడి మొలకలు వాటంతట అవే రావడం అందుకు సాక్ష్యం. గింజ బ్రతికినప్పుడు బాక్టీరియా ఎండు తెగులు క్రిమి గాని, వేరు బుడిపెల నులిపురుగు గుడ్లు గాని బ్రతకలేవని చెప్పలేము. బంగాళాదుంప, అల్లం తొక్కలు ఈ క్రిములకు వాహకాలు కాగలవు. టమాట, వంగ, మిరప నారుమళ్ళకు వాడదలచినప్పుడు తడిపిన ఎరువును పలుచగా పరచి, పారదర్శక పాలిథీన్ షీటు కప్పి, వేసవి ఎండలో నాలుగు నుండి ఆరు వారాలు ఉంచడం తప్పనిసరి. ఆ షీటును చిరగకుండా తీసి మళ్ళీ వాడుకోవాలని వేరుగా చెప్పనవసరం లేదు. తోటకూర, మెంతి, పాలకూర మళ్ళకు ఇంత జాగ్రత్త అక్కరలేదు. మాగిన ఎరువైతే చాలు.

మాగినదా లేదా అన్నది తేల్చడానికి ప్రయోగశాల కావాలనేమీ లేదు. గుప్పెడు ఎరువును తడిపి మూత బిగించిన సీసాలో మూడు రోజులు ఉంచి మూత తీసినప్పుడు మట్టి వాసన రావాలి. అమ్మోనియా ఘాటు గాని, పులిసిన వాసన గాని రాకూడదు. తోటకూర లేదా ముల్లంగి గింజలను సగం ఎరువు, సగం మట్టిలోనూ, పక్కన ఉత్త మట్టిలోనూ చల్లితే వారంలోపే తేడా తెలుస్తుంది.

బజారు ఆవరణలో

రైతుబజారులోనే సాయంత్రానికి కాలీఫ్లవర్ ఆకులు, మొక్కజొన్న పొత్తుల రేకులు, అరటి బోదెలు, నలిగిన టమాటలు మిగులుతాయి. రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే స్థలాలు సాధ్యమైనంతవరకు తమ ఆవరణలోనే దానిని శుద్ధి చేసుకోవాలని 2016 నియమాలు చెప్పాయి. సికింద్రాబాదులోని బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో భారత రసాయన సాంకేతిక సంస్థ సాంకేతికతతో నెలకొల్పిన బయోగ్యాస్ కేంద్రం రోజుకు పది టన్నుల వ్యర్థాల నుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తును ఉత్పత్తి చేసే సామర్థ్యం కలది. నీరు ఎక్కువగా ఉండే టమాట, కాలీఫ్లవర్ వ్యర్థాలకు అది సరైన మార్గం. గాలి లేని స్థితిలో లిగ్నిన్ దాదాపుగా విచ్ఛిన్నం కాదు కనుక కొబ్బరి డొక్కలు, కండెలు, రేకులు ఆ తొట్టెకు పనికిరావు. అవి ముక్కలై కంపోస్టు కుప్పకు, ఇళ్ళ కుండలకు పొడి పదార్థంగా చేరడం మంచిది. వినియోగదారులకు ఆవరణలో ఎండు రేకుల సంచి ఉచితంగా ఇచ్చి, నెల తరువాత మాగిన ఎరువు తిరిగి తీసుకొనే ఏర్పాటు పెద్ద పెట్టుబడి లేకుండానే చేయవచ్చు.

ఎరువును రైతు ఏ ధరకు తీసుకోవాలన్నది చిక్కు ప్రశ్న. డబ్బుగా లెక్కిస్తే కిలో ఎరువు విలువ ఒక కరివేపాకు రెమ్మకు మించదు. ఇంటివారికి ధర కంటే కుండ ఖాళీ కావడమే కావలసినది. రైతుకు కావలసినది ఒకే ఒక హామీ. అతడు అడిగేది కూడా అదే: 'ఇందులో గాజు పెంకులు, కవర్లు లేవు కదా?' ఉత్తి కాళ్ళతో మడిలో తిరిగేవాడు అడగవలసిన ప్రశ్నే అది.

ఆ ప్రశ్నకు జవాబును ఊహతో కాక అంకెలతో సిద్ధం చేయడం గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో పాల్గొనే విద్యార్థులకు తగిన పని. ఒక రైతుబజారును, దానికి కూరగాయలు తెచ్చే అయిదారుగురు రైతులను, ఎరువు ఇవ్వదలచిన ఇరవై ఇళ్ళను ఎంచుకోవాలి. ప్రతి ఇంటి ఎరువు నుండి కిలో చొప్పున తీసి, 4 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, పైన నిలిచిన ప్లాస్టిక్, గాజు, లోహపు ముక్కలను ఏరి, తూచి, ఇంటివారికి ఆ పొట్లాన్నే చూపాలి. జల్లెడ కిందకు జారినదానిలోనూ సూక్ష్మమైన ప్లాస్టిక్ ఉంటుంది. దానిని ఉప్పు నీటిలో తేల్చి భూతద్దంతో లెక్కించవచ్చు. విద్యుత్ వాహకతను ఒకటికి అయిదు పాళ్ళ నీటిలో కొలవాలి. ఆపై ప్రతి రైతు పొలంలో తోటకూరను మూడు చిన్న మళ్ళలో విత్తి, ఒకదానికి రైతు అలవాటు ప్రకారం, ఒకదానికి పశువుల ఎరువు, ఒకదానికి ఎండు బరువు ప్రకారం అంతే ఇంటి ఎరువు వేసి, రసాయన ఎరువు మూడింటికీ సమానంగా ఇచ్చి, నాలుగు వారాలకు కోసి తూయాలి. ఒక్కొక్క రైతు పొలాన్ని ఒక్కొక్క పునరావృతిగా తీసుకొని విశ్లేషిస్తే సరిపోతుంది. తూకం రైతు చేతనే వేయించాలి. ఏరిన ముక్కల పొట్లాలను కూడా అదే రోజు అతడి ముందు విప్పాలి.